శీర్షికలో ‘ఏఐ’ చేరాకే ఇసుక కొలతలకు డబ్బు వచ్చింది

క్వాంటం, ఏఐ, బ్లూ ఎకానమీ (సముద్ర వనరులతో నడిచే ఆర్థిక వ్యవస్థ) లాంటి మాటలు దేశ సైన్స్ విధానాన్ని నిజంగా మారుస్తాయా, లేక ప్రచారానికేనా అని నన్ను ఒకరు అడిగారు. మారుస్తాయి. విశాఖలో తీరం కోత మీద పరిశోధన చేస్తూ నేను దగ్గరుండి చూశాను.

మా పని పైకి చాలా మామూలుగా కనిపిస్తుంది. ప్రతి నెలా ఆటు వేళకి విశాఖ తీరంలో కోస్టల్ బ్యాటరీ నుంచి జోడుగుళ్లపాలెం దాకా, గుర్తు పెట్టుకున్న చోట్ల ఇసుక మట్టం కొలవాలి. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఇసుకను ఈశాన్యం వైపు మోసుకెళ్తాయి. 1976లో ఔటర్ హార్బర్ వచ్చాక ఆ దారికి గోడలు అడ్డం పడ్డాయి. అందుకే దక్షిణాన ఆగిపోయిన ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి ఆర్కే బీచ్‌లో పోస్తుంటారు. పోసిన దాంట్లో ఎంత నిలిచిందో ఏళ్ల తరబడి కొలిస్తేనే తెలుస్తుంది.

ఈ కొలతలు కొనసాగించడానికి ప్రపోజల్ పంపితే, ‘రొటీన్ పని’ అని తిప్పి పంపారు. మరుసటి ఏడాది మా గైడ్ సార్ చెబితే శీర్షికలో ఏఐ, బ్లూ ఎకానమీ చేర్చాం. మంజూరైంది! కానీ డబ్బులో ఎక్కువ భాగం కంప్యూటర్లకే పోయింది. కొలత కర్ర పట్టుకుని అలల్లో నిలబడే కుర్రాడి జీతానికి బడ్జెట్‌లో హెడ్డే (పద్దే) లేదు. ఆ ఏడాది అక్టోబరు, నవంబరు కొలతలు తప్పిపోయాయి. సరిగ్గా తుఫాన్ల నెలలు. ఆ ఖాళీని ఏ కంప్యూటర్ మోడలూ పూడ్చలేదు, నాకు ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

దేశం స్థాయిలోనూ జరిగేది ఇదే. 2007లో నానో మిషన్‌కు 1000 కోట్లు, 2023లో క్వాంటం మిషన్‌కు 6003 కోట్లు, 2024లో ఇండియా ఏఐ మిషన్‌కు 10,371 కోట్లు. మిషన్‌కు పేరు పడగానే ప్రపోజల్ పిలుపులు ఆ పేరుతోనే వస్తాయి, పీహెచ్‌డీ టాపిక్‌లూ అటే తిరుగుతాయి. పరిశోధన మీద దేశం పెట్టే ఖర్చేమో జీడీపీలో 0.64 శాతం దగ్గరే ఉంది. కొత్త పేరుకు వాటా ఇవ్వాలంటే పేరు లేని పనికి కోత పడుతుంది.

అలాగని ఆ మాటలన్నీ దండగ అనను. 2021లో 4077 కోట్లతో డీప్ ఓషన్ మిషన్ వచ్చాకే ముగ్గురిని 6000 మీటర్ల లోతుకు తీసుకెళ్లే ‘మత్స్య 6000’ జలాంతర వాహనం గురించి పిల్లలు కూడా అడుగుతున్నారు. అది చూస్తే నాకు ఎంతో సంతోషం.

మీరూ ప్రపోజల్ రాస్తుంటే, ఆ మాట శీర్షికలో పెట్టండి, తప్పులేదు. ఫీల్డ్ అసిస్టెంట్ జీతం, ప్రయాణ ఖర్చు మాత్రం మొదటి రోజు నుంచే వేరే హెడ్ కింద రాయించుకోండి. మేం రెండోసారి అలాగే చేశాం. ఈసారి అక్టోబరు కొలతలు తప్పలేదు.