లేబుళ్లు అతికించే పనికి కెమిస్ట్రీ డిగ్రీ ఎందుకు?

ప్రశ్న: మాది సూళ్లూరుపేట. అమ్మాయి చెన్నైలో బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తి చేసింది. మణలిలో పెయింట్లు, థిన్నర్లు తయారుచేసే కంపెనీలో ఈహెచ్ఎస్ (పర్యావరణం, ఆరోగ్యం, భద్రత) ట్రైనీగా ఆఫర్ వచ్చింది. డ్రమ్ముల మీద లేబుళ్లు, సేఫ్టీ డేటా షీట్లు (రసాయనం ప్రమాదాలు, జాగ్రత్తలు రాసిన కాగితాలు) చూసుకోవడమే పని అంటున్నారు. ఇంత చదివి స్టిక్కర్లు అతికించడమేంటని మా ఇంట్లో అందరి మాట. పైగా కెమికల్ ఫ్యాక్టరీ అంటే భయం. నెబోష్ అనే బ్రిటన్ సేఫ్టీ కోర్సు చేయిస్తే మంచి ఉద్యోగం వస్తుందని తెలిసినవాళ్లొకరు చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: చేరనివ్వండి. కాకపోతే ఆఫర్‌కు ఒప్పుకునే ముందు ఒక సంగతి తేల్చుకోండి. అక్కడ అమ్మాయి పని లేబుల్ ప్రింటు తీసి అతికించడమా, ఆ లేబుల్ మీద ఏముండాలో నిర్ణయించడమా? మొదటిదే అయితే మీ ఇంట్లో వాళ్ల మాటే నిజం. రెండోది నేర్పేచోటైతే ఎమ్మెస్సీ ఇప్పటికి వాయిదా వేసినా నష్టం లేదు.

ఆ నిర్ణయించడంలో ఏముందో ఒక ఉదాహరణతో చెబుతాను. మీ అమ్మాయికి కూడా చదివి వినిపించండి.

థిన్నర్‌లో బరువు ప్రకారం 80 శాతం టోలీన్, 20 శాతం మిథనాల్ ఉన్నాయనుకోండి. మిథనాల్ డ్రమ్ము మీద పుర్రె, ఎముకల గుర్తు ఉంటుంది. మింగితే విషమయ్యే పదార్థాల్లో అది మూడో కేటగిరీ (అంకె చిన్నదైతే ప్రమాదం ఎక్కువ). పని తెలియనివాళ్లు రెండు డ్రమ్ముల మీద ఉన్న గుర్తులన్నీ ఎత్తి థిన్నర్ లేబుల్ మీద పెట్టేస్తారు. అది తప్పు, మిశ్రమానికి లెక్క కట్టాలి. మూడో కేటగిరీకి లెక్కలో తీసుకునే ప్రాణాంతక మోతాదు అంచనా కిలో శరీర బరువుకు 100 మిల్లీగ్రాములు. టోలీన్ మింగితే కలిగే విషప్రభావం తక్కువ కాబట్టి ఈ లెక్కలోకి రాదు. మిథనాల్ 20 శాతం కాబట్టి 100ను 0.20తో భాగిస్తే 500. నాలుగో కేటగిరీ 300 దాటి 2000 వరకు. కాబట్టి పుర్రె గుర్తు పోయి ఆశ్చర్యార్థకం వస్తుంది. చర్మానికి తగలడం, ఆవిరి పీల్చడం లెక్కించినా ఈ మిశ్రమానికి నాలుగో కేటగిరీయే వస్తుంది.

అంతమాత్రాన ఆ థిన్నర్ మెత్తబడినట్టు కాదు. మిథనాల్ కంటిచూపును దెబ్బతీస్తుంది. అవయవాలకు హాని చేసే గుణం లెక్క వేరు, మిథనాల్ 10 శాతం ఉంటే చాలు మిశ్రమం కూడా మొదటి కేటగిరీలోకే వెళ్తుంది. ఛాతీ మీద నక్షత్రంలా పగిలిన మనిషి బొమ్మ, హెచ్370 (అవయవాలకు హాని చేస్తుంది) వాక్యం, డేంజర్ అన్న పదం లేబుల్ మీద ఉండాల్సిందే. టోలీన్ వల్ల మంట గుర్తు ఎలాగూ వస్తుంది. ఒకే సీసాలో ఒక ప్రమాదం లెక్కలో తగ్గింది, ఇంకొకటి చెక్కుచెదరలేదు. దీన్ని పట్టుకోవడానికి కెమిస్ట్రీ కావాలి, ఓపిక కావాలి. డిగ్రీ అక్కరకొచ్చేది ఇక్కడే.

ఈ లెక్కల పద్ధతి ఐక్యరాజ్యసమితి 2003లో తొలిసారి ప్రచురించిన జీహెచ్ఎస్‌ది, అంటే రసాయనాల వర్గీకరణ, లేబుళ్లకు ప్రపంచమంతటికీ ఒకే పద్ధతి. రెండేళ్లకోసారి సవరిస్తారు. మొత్తం తొమ్మిది గుర్తులు, డేంజర్, వార్నింగ్ అనే రెండు హెచ్చరిక పదాలు. హెచ్ నంబర్లు ప్రమాదమేంటో చెబుతాయి: 200 వరస మంట, పేలుడు లాంటివి, 300 ఆరోగ్యం, 400 పర్యావరణం. పీ నంబర్లు ఏం చేయాలో చెబుతాయి. వీటితోపాటు సరుకు పేరు, సరఫరాదారు చిరునామా, ఫోన్ కలిస్తే లేబుల్ పూర్తయినట్టు. వెనక ఆధారంగా 16 విభాగాల సేఫ్టీ డేటా షీట్ ఉంటుంది. ఫ్యాక్టరీల్లో ఇప్పటికీ పాత అలవాటుగా ఎంఎస్‌డీఎస్ అనే పిలుస్తారు. ఇవన్నీ బట్టీ పట్టక్కర్లేదు, పనిలో పడ్డాక నెలలో వచ్చేస్తాయి.

డేటా షీట్‌లో తప్పు పట్టడం మాత్రం మొదటి రోజు నుంచే సాధన చేయాలి. రెండో విభాగం (ప్రమాదాలు), తొమ్మిదో విభాగం (భౌతిక, రసాయన గుణాలు), పద్నాలుగో విభాగం (రవాణా) పక్కపక్కన పెట్టుకుని చూడమనండి. టోలీన్‌కు తొమ్మిదో విభాగంలో ఫ్లాష్ పాయింట్ (ఆవిరికి నిప్పు అంటుకునే కనిష్ఠ ఉష్ణోగ్రత) 4 డిగ్రీల సెల్సియస్ అని ఉంటుంది. అది 23 కంటే తక్కువ, మరిగే ఉష్ణోగ్రత 35 కంటే ఎక్కువ, కాబట్టి రెండో విభాగంలో మండే ద్రవం కేటగిరీ 2 రావాలి, పద్నాలుగులో రవాణాలో టోలీన్‌ను గుర్తించే నంబరు యూఎన్ 1294, మండే ద్రవాల క్లాస్ 3, మధ్యస్థ ప్రమాదాన్ని చెప్పే ప్యాకింగ్ గ్రూప్ 2 రావాలి. పద్నాలుగో విభాగంలో ‘రవాణాకు నిబంధనలు వర్తించవు’ అని కనబడితే ఆ షీట్‌ను ఎక్కడి నుంచో కాపీ కొట్టి పేరు మార్చారని అర్థం. ఇలాంటివి చాలానే తిరుగుతుంటాయి. ఎనిమిదో విభాగంలో ‘తగిన గ్లవ్స్ వాడండి’ అని ఉన్నా వెనక్కి పంపాలి. ఏ రబ్బరు, ఎంత మందం, ఎంతసేపు ఆగుతుంది అన్నది రాయాలి. ల్యాబ్‌లో అందరూ వేసుకునే పల్చటి నైట్రిల్ గ్లవ్స్‌లోంచి అసిటోన్ నిమిషాల్లో చేతికి దిగుతుంది, దానికి బ్యూటైల్ రబ్బరు కావాలి.

ఇంటర్వ్యూల్లో పిల్లలు ఎక్కువగా తడబడేది అంకెల దగ్గర. ట్యాంకులు, గోడౌన్ గోడల మీద నీలం, ఎరుపు, పసుపు, తెలుపు గళ్ల డైమండ్ ఒకటి కనిపిస్తుంది. అది అమెరికా ఫైర్ సర్వీసు వాళ్ల అవసరం కోసం వచ్చిన ఎన్ఎఫ్‌పీఏ 704. అందులో 4 అంటే అత్యంత ప్రమాదం, 0 అంటే ఏమీ లేదు. జీహెచ్ఎస్‌లో కేటగిరీ 1 అన్నిటికన్నా ప్రమాదకరం, అంకె పెరిగేకొద్దీ తగ్గుతుంది. రెండూ ఒకే గోడౌన్‌లో ఉంటాయి కాబట్టి కొత్తవాళ్లకు రెండూ విడివిడిగా నేర్పకపోతే ఎవరో ఒకరు తలకిందులుగా చదువుతారు.

ఇక లేబుల్ ఎక్కడ పాడవుతుంది? 200 లీటర్ల డ్రమ్ము మీద దాదాపు ఎప్పుడూ బాగానే ఉంటుంది. అందులోంచి షిఫ్టు అవసరానికి ఐదు లీటర్ల క్యాన్‌లోకో, పారేసిన మంచినీళ్ల సీసాలోకో వంపుకుంటారు చూడండి, అక్కడ మాయమవుతుంది. మార్కర్‌తో పేరు రాస్తే సాల్వెంట్ చుక్క కారగానే చెరిగిపోతుంది. సాల్వెంట్ తగిలినా నిలిచే లేబుల్ అతికించాలి, నీళ్ల సీసాల వాడకం పూర్తిగా మాన్పించాలి. ఎగుమతి డ్రమ్ములకు ఇంకో షరతుంది. ఓడలో వెళ్లే సరుకు మీది గుర్తులు సముద్రపు నీళ్లలో మూడు నెలలున్నా చదవగలిగేలా ఉండాలి. అందుకే చెన్నై పోర్టుకు పంపేవాళ్లు బీఎస్ 5609 అనే బ్రిటిష్ ప్రమాణం పరీక్షకు నిలిచిన లేబుల్ స్టాక్ అడుగుతారు. మామూలు కాగితం స్టిక్కర్ అతికిస్తే కంటెయినర్ ఆగిపోతుంది.

మీ భయం గురించి. అది అర్థం లేనిది కాదు. 2020 మే 7న విశాఖ ఆర్ఆర్ వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి ఊరిమీద పడింది. 2023 డిసెంబర్‌లో ఎన్నూరులో అమ్మోనియా లీకై జనం అర్ధరాత్రి ఇళ్లు వదిలి పరిగెత్తారు. స్టైరీన్‌ను చల్లగా ఉంచాలి, అది తనంతట తాను గడ్డకట్టి వేడెక్కకుండా ఆపే ఇన్హిబిటర్ అనే రసాయనం సరిపడా ఉందో లేదో చూసుకుంటూ ఉండాలి. ఇదంతా దాని డేటా షీట్‌లో ఏడు, పది విభాగాల్లో ఉండే సమాచారమే. ఆ కాగితం ఫైల్లో ఉండటం వేరు, షిఫ్టులో ఉన్న మనిషికి తెలిసుండటం వేరు. ఆ రెంటినీ కలిపేవాళ్లు కావాలి కాబట్టే ఈ ఉద్యోగం ఉంది.

అమ్మాయి సొంత ఆరోగ్యం విషయంలో ఒక మాట దాచకుండా చెప్పాలి. టోలీన్‌కు హెచ్361డీ వాక్యం ఉంది, అంటే కడుపులో బిడ్డకు హాని చేస్తుందని అనుమానం. కాబట్టి చేరేముందు వైద్య పరీక్ష చేస్తారా, ఆవిరి మోతాదు గాలిలో కొలుస్తారా, శ్వాస మాస్కుకు ఆవిరిని ఆపే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఇస్తారా, గర్భం దాలిస్తే వేరే పనికి మారుస్తారా అని హెచ్ఆర్‌ను అమ్మాయే అడగాలి. సూటిగా జవాబిచ్చే కంపెనీలో చేరొచ్చు. గుడ్డ మాస్కు చూపించే చోట వద్దు, అది దుమ్మునే సరిగా ఆపదు, ఆవిరిని అసలే ఆపదు.

నెబోష్ ఇప్పుడొద్దు. గల్ఫ్‌కు వెళ్లేవాళ్లకు, విదేశీ కాంట్రాక్టర్ల దగ్గర పనిచేసేవాళ్లకు అది పనికొస్తుంది, ఖర్చు కూడా ఎక్కువే. మన ఫ్యాక్టరీల్లో చట్టప్రకారం సేఫ్టీ ఆఫీసర్ కావాలంటే రాష్ట్రం గుర్తించిన ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా కావాలి. చెన్నై తరమణిలో కేంద్ర ప్రభుత్వ రీజనల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, అక్కడి నోటిఫికేషన్లు చూస్తుండమనండి. ఇంజినీరింగ్ డిగ్రీ వాళ్లకు రెండేళ్లు, ఫిజిక్స్, కెమిస్ట్రీ డిగ్రీ వాళ్లకు ఐదేళ్లు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ స్థాయి అనుభవం అడగడం ఇప్పటిదాకా ఉన్న పద్ధతి. 2025 నవంబర్‌లో కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి కాబట్టి దరఖాస్తుకు ముందు తమిళనాడు డైరెక్టరేట్ ఆఫ్ ఇండస్ట్రియల్ సేఫ్టీ అండ్ హెల్త్ తాజా నిబంధనలు చూసుకోవాలి. ఇక్కడే చాలామంది నష్టపోతారు: ఐదేళ్లు పనిచేసినా అనుభవ పత్రంలో ట్రైనీ అనో, కెమిస్ట్ అనో ఉంటే లెక్కలోకి రాకపోవచ్చు. ట్రైనీ కాలం ఎన్ని నెలలు, తర్వాత హోదా ఏమిటి అన్నది ఆఫర్ లెటర్‌లోనే రాయించుకోండి. కార్మికుల్లో ఎక్కువమంది మాట్లాడే భాష రావడం కూడా అర్హతల్లో ఒకటి. సూళ్లూరుపేట పిల్లకు తమిళం వస్తే మణలిలో, తెలుగుతో శ్రీసిటీ, నాయుడుపేటల్లో పనికొస్తుంది.

ఫ్యాక్టరీ నచ్చకపోతే దారి మూసుకుపోదు. రెండు మూడేళ్లు మిశ్రమాల లెక్కలు చేసినవాళ్లకు చెన్నై, బెంగళూరుల్లో ఎగుమతి కంపెనీల కోసం డేటా షీట్లు రాసే ఆఫీసు ఉద్యోగాలుంటాయి. అక్కడ యూరప్ లేబుల్ నిబంధన సీఎల్‌పీ, అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా నిబంధనల మధ్య తేడాలు, కంపెనీలు వాడే శాప్ సాఫ్ట్‌వేర్‌లో ఈహెచ్ఎస్ మాడ్యూల్ అడుగుతారు. మన దేశపు 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనలు జీహెచ్ఎస్ కంటే ముందువి కాబట్టి రెండూ చదివి ఉండటం మేలు.

ఇంటర్వ్యూకు వెళ్లేలోపు ఒక పని చేయమనండి. పైన చెప్పిన థిన్నర్‌లో మిథనాల్‌ను 5 శాతానికి తగ్గించి, టోలీన్ 95 శాతం చేసి, మళ్లీ లెక్క కట్టాలి. ఏ గుర్తు ఉంటుంది, ఏది పోతుంది, డేంజర్ మాట ఎందువల్ల మిగులుతుంది అన్నది కాగితం మీద చూపించగలిగితే ఇంటర్వ్యూలో ఎవరు ఏమడిగినా నిలబడుతుంది.