పారోలో విమానం దించడం నిజంగా అంత కష్టమా?

భూటాన్‌లోని పారో గురించి అడిగారు. కష్టమే, పైలట్ల గొప్పలు కావు.

శంషాబాద్‌లో పైలట్ చాలా మైళ్ల ముందే రన్‌వేకి సూటిగా వచ్చి, దాదాపు 3 డిగ్రీల వాలులో దిగుతాడు. పారోలో ఆ సూటి దారే లేదు, కొండలు అడ్డం. మన్ననూరు దాటాక శ్రీశైలం ఘాట్‌లో బస్సు మలుపు తిరిగేదాకా ముందేముందో కనిపించదు కదా, అచ్చం అలాగే. లోయలో వంకరగా వస్తూ, కొండవాలు మీది ఇళ్లను గుర్తు పెట్టుకుని, చివరి మలుపులో గానీ రన్‌వే దొరకదు. రెక్కలు సమం చేసిన కాసేపటికే చక్రాలు నేల తాకాలి. బస్సైతే బ్రేకేసి ఆగొచ్చు!

చాలామందికి తట్టనిది గాలి సంగతి. పారో ఎత్తు సుమారు 2,235 మీటర్లు, గాలి పలచన. కాక్‌పిట్‌లో వేగం మామూలుగానే చూపించినా, విమానం నిజానికి పదో వంతు ఎక్కువ వేగంతో పోతుంటుంది. మలుపుకి ఎక్కువ చోటు కావాలి. లోయలో చోటెక్కడిది?

అందుకే మామూలు సర్వీసులు పగటిపూటే, అదీ ప్రత్యేక శిక్షణ ఉన్న పైలట్లతోనే. మధ్యాహ్నం లోయగాలులు కుదిపేస్తాయి, టికెట్ తీసుకుంటే పొద్దుటి ఫ్లైట్‌కే తీసుకోండి.