కాలేయ కణాలు కొలెస్ట్రాల్‌ను ఎంత వేగంగా తయారుచేస్తాయో ఎలా కొలుస్తారు?

కణంలోని మొత్తం కొలెస్ట్రాల్ కొలిస్తే వేగం తెలియదు. అందులో పాతదెంతో, ఇప్పుడే తయారైందెంతో విడదీయలేం. అందుకే గుర్తు పెట్టిన ముడిసరుకు ఇస్తారు. కొలెస్ట్రాల్‌లోని 27 కార్బన్లూ అసిటేట్ అనే చిన్న పదార్థం నుంచే వస్తాయి కాబట్టి, రేడియోధార్మిక కార్బన్ అయిన కార్బన్-14 ఉన్న అసిటేట్ ఇచ్చి, కాసేపయ్యాక కొలెస్ట్రాల్‌ను దాన్ని పట్టుకునే డిజిటోనిన్ అనే పదార్థంతో తెల్లటి మడ్డిగా దింపి, రేడియోధార్మికత లెక్కిస్తారు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. కాలేయ కణం కొవ్వుల నుంచి సొంతంగా అసిటైల్ కోఎ (కొలెస్ట్రాల్ తయారీకి అసలు ముడిసరుకు) తయారుచేసుకుంటుంది. మనమిచ్చిన అసిటేట్ కూడా అసిటైల్ కోఎగా మారి అందులో కలిసి, నీళ్లు పోసిన పాలలా పలచబడుతుంది. వేగం అసలుకంటే తక్కువగా కనిపిస్తుంది.

నా మటుకు ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) కలిపిన నీళ్లే నమ్మకం. నీరు కణమంతా ఇట్టే సమంగా పరుచుకుంటుంది కాబట్టి ఆ పలచబడే సమస్య రాదు. కొత్తగా తయారైన ఒక్కో కొలెస్ట్రాల్ అణువులో సుమారు 22 హైడ్రోజన్లు ఆ నీటివే. వచ్చిన లెక్కను నీటిలోని ఒక్కో హైడ్రోజన్‌కు ఉన్న రేడియోధార్మికతతోనూ, ఆ 22తోనూ, పట్టిన గంటలతోనూ భాగిస్తే గంటకు ఎంత తయారైందో తేలుతుంది.