ప్రాచీన రోములో హత్యను ఎవరు విచారించేవారు?

ప్రశ్న: ప్రాచీన రోము నేపథ్యంలో హత్యా రహస్య నవల రాస్తున్నాను. పోలీసులు లేని ఆ కాలంలో నేరాన్ని ఎవరు పరిశోధించేవారు?

జవాబు: గణతంత్ర యుగంలో ఆరోపణ చేసిన పౌరుడే సాక్ష్యాలు సేకరించి న్యాయస్థానంలో వాదించవలసి వచ్చేది. మీరు క్రీ.పూ. 80 నాటి సెక్స్టస్ రోస్కియస్ కేసును తప్పక చదవాలి. తండ్రిని చంపాడన్న అభియోగం రుజువైతే అతణ్ణి సంచిలో కుట్టి నీటిలో పడవేసేవారు. అంత ఘోరమైన శిక్ష ఎదురుగా ఉండగా, రాత్రివేళ రోములో హతుడైన ఆ తండ్రికి చెందిన 60 లక్షల సెస్టర్సీల (రోమన్ నాణేల) ఆస్తిని నియంత సుల్లా ఆశ్రితుడైన క్రిసోగోనస్ కేవలం 2,000 సెస్టర్సీలకు దక్కించుకున్నాడని చూపి, ఈ హత్య వల్ల లాభం ఎవరికని రోస్కియస్ తరఫు న్యాయవాది, 26 ఏళ్ల సిసిరో నిలదీశాడు. ఎంతటి సాహసమది! రోస్కియస్ నిర్దోషిగా విడుదలయ్యాడు. మీ కథానాయకుడిగా అధికారి కంటే ఇటువంటి యువ న్యాయవాదే సహజంగా ఉంటాడు.