ఫ్లోరిడా పెద్ద హోటల్లో పంచెకట్టు: ఆపే హక్కు వాళ్ళకి ఉందా?

ప్రశ్న: మాది తెనాలి. నేను రిటైర్డ్ టీచర్ని. డిసెంబర్లో అమెరికాలో మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. అందరినీ ఓర్లాండోలోని డిస్నీ వరల్డ్‌కి తీసుకెళ్తానన్నాడు. మా పెళ్ళిరోజు కూడా అప్పుడే కాబట్టి అక్కడి గ్రాండ్ ఫ్లోరిడియన్ హోటల్లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్స్ అనే రెస్టారెంట్లో రాత్రి భోజనం బుక్ చేస్తానంటున్నాడు. దానికి నన్ను ప్యాంటు, కోటు కుట్టించుకోమంటున్నాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పంచెతోనే బడికి వెళ్ళాను. పంచెలో వెళ్తే ఆపే హక్కు వాళ్ళకుందా? ఆపితే కట్టిన డబ్బు తిరిగొస్తుందా, కేసు వేయొచ్చా? మా ఆవిడ చీరకీ అభ్యంతరం చెబుతారా? మాతో 7 ఏళ్ళ మనవరాలు కూడా ఉంటుంది.

జవాబు: మాస్టారూ, ముందు సూటిగా చెప్తాను. డ్రెస్ కోడ్ పెట్టుకునే హక్కు ఆ రెస్టారెంటుకి ఉంది. మీరు ఏ దేశం వాళ్ళో, ఏ మతం వాళ్ళో చూసి ఆపే హక్కు మాత్రం లేదు. మీ ప్రశ్న మొత్తం ఈ రెండింటి మధ్య నడుస్తుంది.

ఫ్లోరిడా చట్టంలో 509.092 అని ఒక సెక్షన్ ఉంది. హోటళ్ళు, రెస్టారెంట్లు ప్రైవేటు వ్యాపారాలు, తమకి సరిపడని మనిషికి సర్వీసు నిరాకరించొచ్చు అని అదే సెక్షన్ చెప్తుంది, ఆ వెంటనే ఆ నిరాకరణ జాతి, మతం, రంగు, స్త్రీ పురుష భేదం, పుట్టిన దేశం లాంటి కారణాలతో ఉండకూడదని కూడా చెప్తుంది. దేశమంతటికీ వర్తించే 1964 నాటి సివిల్ రైట్స్ చట్టం కూడా రెస్టారెంట్లలో జాతి, రంగు, మతం, మూలదేశం ఆధారంగా వివక్ష చూపకూడదంటుంది. ఈ జాబితాల్లో ఎక్కడా దుస్తులు అనే మాట లేదు. అందుకే "కోటు లేదు కాబట్టి రానివ్వం" అనేది అక్కడ మామూలుగా చట్టబద్ధమే. కానీ జీన్స్ వేసుకొచ్చిన ఇంకొకరిని లోపల కూర్చోబెట్టి, పట్టుపంచె కట్టుకున్న మిమ్మల్ని మాత్రం గుమ్మంలో ఆపితే, లేదా "మీ దేశం బట్టలు ఇక్కడ కుదరవు" అంటే అది బట్టల గొడవగా మిగలదు, వివక్ష కిందికి వస్తుంది. మత ఆచారంగా వేసుకునేవాటికి, అంటే సిక్కుల తలపాగా లాంటివాటికి, ఇంకాస్త గట్టి రక్షణ ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. మీరు చెప్పిన రెస్టారెంటు 1988లో ఆ హోటల్‌తో పాటే మొదలైంది, 2024లో మిషెలిన్ స్టార్ (మేటి రెస్టారెంట్లకి ఇచ్చే పేరున్న గుర్తింపు) కూడా వచ్చింది, డిస్నీ వరల్డ్‌లో బట్టల విషయంలో అన్నిటికంటే పట్టింపు ఉన్నది అదే. ఫార్మల్‌గా లేదా సెమీ ఫార్మల్‌గా రమ్మంటారు. పంచె ఫార్మల్ దుస్తు కాదని ఎవరన్నారు? మన పెళ్ళిళ్ళకీ, సన్మానాలకీ, కోర్టులకీ కట్టుకెళ్ళిన బట్ట అది, మీ ముందు తరం మాస్టర్లూ వకీళ్ళూ పంచె మీద కోటు వేసుకుని, కాళ్ళకి బూట్లు తొడుక్కుని వెళ్ళేవాళ్ళు. మీకు నా సలహా కూడా అదే. మంచి జరీ అంచు పంచె, పైన మెడ దాకా గుండీలున్న జోధ్‌పురి కోటు, కాళ్ళకి బూట్లు. చెప్పులు మాత్రం వద్దు, ఇలాంటి చోట్ల పంచె కన్నా ముందు తెరిచిన చెప్పులకే అభ్యంతరం చెబుతారు. అమ్మగారి పట్టుచీర గురించి అసలు బెంగ పెట్టుకోవద్దు, చీర ఏ ఫార్మల్ విందులోనైనా నిలబడే దుస్తు.

అయితే నా మాట మీదా, మీ అబ్బాయి ఊహ మీదా ఆధారపడకండి. బుక్ చేసేటప్పుడే, "మా నాన్నగారు భారతీయ సంప్రదాయ ఫార్మల్ దుస్తుల్లో, అంటే ధోతీ, కోటుతో వస్తారు, మీ డ్రెస్ కోడ్‌కి ఇది సరిపోతుందా" అని రాతపూర్వకంగా అడగమనండి, కావాలంటే ఫోటో కూడా పంపమనండి. వాళ్ళు సరే అని రాస్తే ఆ మెయిల్ ప్రింట్ తీసి జేబులో పెట్టుకోండి, గుమ్మంలో ఉన్న కుర్రాడికి తెలియకపోయినా మేనేజర్‌కి చూపిస్తే సరిపోతుంది. కాదంటే డబ్బు కట్టకముందే తెలుస్తుంది. పరువు పోయాక కేసు వేయడం కంటే పోకుండా చూసుకోవడం ఎంతో నయం, ఇది లాయర్‌గానే చెప్తున్నాను.

డబ్బు సంగతి. డిస్నీలో కూర్చుని తినే రెస్టారెంట్లలో చాలావాటికి బుక్ చేసి రాకపోయినా, ఆఖరి నిమిషంలో మానుకున్నా మనిషికి 10 డాలర్లు కార్డు నుంచి తీసుకుంటారు. మీరనుకుంటున్న చోట నష్టం అంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది, గడువు కూడా ముందే ముగుస్తుంది. డ్రెస్ కోడ్ బుకింగ్ పేజీలోనే రాసి ఉండి, దానికి విరుద్ధంగా వెళ్ళి ఆగిపోతే డబ్బు తిరిగి రాబట్టడం కష్టం. మీ చేతిలో వాళ్ళ మెయిల్ ఉండి కూడా ఆపితే కథ వేరు, అప్పుడు మీ అబ్బాయి క్రెడిట్ కార్డు కంపెనీకి రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టొచ్చు, స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు అది చేరాలి.

ఇక కేసు. నిజంగా వివక్షే జరిగితే ఏడాదిలోపు, అంటే 365 రోజుల్లో, వివక్ష ఫిర్యాదులు చూసే రాష్ట్ర సంస్థ ఫ్లోరిడా కమిషన్ ఆన్ హ్యూమన్ రిలేషన్స్‌కి ఫిర్యాదు ఇవ్వొచ్చు. 1964 చట్టం కింద మాత్రం కోర్టు "ఇకపై ఇలా చేయొద్దు" అని ఆదేశిస్తుంది, లాయర్ ఫీజు ఇప్పించగలదు, నష్టపరిహారం ఇప్పించదు. జాతి కారణంగానే ఆపారని రుజువు చేయగలిగితే నష్టపరిహారానికి సెక్షన్ 1981 అనే వేరే దారి ఉంది, దానికి అక్కడి లాయర్ని పట్టుకోవాల్సిందే. యాప్‌లో 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కే షరతుల్ని కూడా మీ అబ్బాయిని ఒకసారి చదవమనండి. డిస్నీ వరల్డ్‌లోనే షాపులు, రెస్టారెంట్లు ఉండే డిస్నీ స్ప్రింగ్స్‌లోని ఒక రెస్టారెంట్లో తిన్నాక అలర్జీతో భార్య చనిపోయిందని భర్త కేసు వేస్తే, ఆయన ఎప్పుడో తీసుకున్న డిస్నీ ప్లస్ (ఆన్‌లైన్‌లో సినిమాలు చూసే సర్వీసు) ట్రయల్ షరతులు చూపించి కోర్టుకి కాదు ఆర్బిట్రేషన్‌కి, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకి, వెళ్ళాలని కంపెనీ వాదించింది. గట్టిగా విమర్శలొచ్చాక 2024 ఆగస్టులో ఆ వాదన మానుకుంది.

ఒక హెచ్చరిక, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. వెళ్ళిపొమ్మని వాళ్ళు చెప్పాక అక్కడే నిలబడి వాదిస్తే ఫ్లోరిడాలో అది అక్రమ ప్రవేశం కిందికి రావొచ్చు, పోలీసుల్ని పిలవొచ్చు. టూరిస్టు వీసా మీద వెళ్ళినవాళ్ళకి అక్కడ ఒక అరెస్టు రికార్డయితే తర్వాతి ప్రయాణాలన్నిటికీ టెన్షనే. వాళ్ళది తప్పయినా సరే, మేనేజర్ పేరు, సమయం, అన్న మాటలు రాసుకుని బయటికి వచ్చేయండి. మీ పక్షాన చట్టం ఉంటే అది రేపు కూడా ఉంటుంది.

తమిళనాడులో 2014లో హైకోర్టు జడ్జి ఒకరిని పంచెతో వచ్చారని చెన్నైలో ఒక క్లబ్బు ఆపేసింది. ఆ గొడవ తర్వాత అసెంబ్లీ చట్టమే చేసింది, పంచె కట్టినవాళ్ళని క్లబ్బులూ హాళ్ళ లాంటి చోట్ల ఆపితే ఏడాది దాకా జైలు, 25 వేల దాకా జరిమానా. అది చదివినవాళ్ళు అమెరికాలో కూడా అలాగే ఉంటుందనుకుంటారు. ఆ చట్టం తమిళనాడు దాటి పనిచేయదు.

పగలు పార్కులో మాత్రం వేరే నియమాలు. నేలకి తగిలి ఈడ్చుకునే బట్టల్ని డిస్నీ పార్కుల్లో అనుమతించకపోవచ్చు, రైడ్లలో చిక్కుకుంటాయి కాబట్టి అది న్యాయమైన నియమమే. అమ్మగారు పార్కులో చుడీదార్ వేసుకుంటే సుఖం, చీరే కావాలంటే మడమల పైకి కట్టుకోమనండి. పట్టుచీరా పంచే బ్యాగులో పెట్టుకుని సాయంత్రం మార్చుకోండి, డిస్నీ వరల్డ్‌లోని మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కు నుంచి ఆ హోటల్‌కి మోనోరైల్ ఉంది.

చివరగా మీ మనవరాలు. ఆ రెస్టారెంట్లోకి 10 ఏళ్ళు నిండని పిల్లల్ని రానివ్వరు, ఏ బట్టలు వేసినా సరే. కాబట్టి మీ అబ్బాయి డబ్బు కట్టకముందే ఈ సంగతి చెప్పండి. పాప కూడా పక్కనుండాలంటే మ్యాజిక్ కింగ్‌డమ్ కోటలోనే సిండ్రెల్లాస్ రాయల్ టేబుల్ అనే రెస్టారెంటు ఉంది, పార్కులో వేసుకున్న బట్టలతోనే వెళ్ళొచ్చు, మీరు నేలకి తగలకుండా కట్టుకుని పంచెలోనే వెళ్ళండి.