ప్రాక్టీస్ ఎక్కువై ఇమ్యూనిటీ పడిపోయిందంటున్నారు, ఈత మాన్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు. ఈత పోటీలకు తయారవుతోంది. వారానికి ఆరు రోజులు, పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ప్రాక్టీస్. నాలుగు నెలల్లో మూడుసార్లు జలుబు, గొంతునొప్పి వచ్చాయి. ఒకసారి జ్వరం కూడా వచ్చింది. మొన్న సాయంత్రం ప్రాక్టీస్ నుంచి వస్తూ రక్తపరీక్ష చేయిస్తే లింఫోసైట్లు తక్కువగా ఉన్నాయన్నారు. వ్యాయామం ఎక్కువై ఇమ్యూనిటీ పడిపోయిందని తెలిసినవాళ్లు భయపెడుతున్నారు. ఈత మాన్పించాలా? ఇమ్యూనిటీ పెరగడానికి మందులేమైనా ఉన్నాయా?
- ఒక తల్లి

జవాబు: ముందు ఆ రిపోర్టు సంగతి చూద్దాం. ప్రాక్టీస్ నుంచి వస్తూ చేయించామని రాశారు కదా, చిక్కు అక్కడే ఉండొచ్చు. గట్టిగా వ్యాయామం చేస్తున్నంతసేపూ లింఫోసైట్లు అనే రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు, అందులోనూ వైరస్ సోకిన కణాలను చంపే ఎన్‌కే కణాలు రక్తంలోకి బాగా వస్తాయి. ఆపాక గంట, రెండు గంటల్లో మామూలు కంటే కిందికి దిగుతాయి. మర్నాటికి సాధారణంగా మళ్లీ సర్దుకుంటాయి. ఆ మధ్యలో రక్తం తీస్తే సంఖ్య తక్కువే కనిపిస్తుంది.

ఈ తగ్గుదలను చూసి చాలాకాలం మా డాక్టర్లమూ కంగారుపడ్డాం. 1987లో లాస్ ఏంజెలిస్ మారథాన్ పరుగెత్తినవాళ్లలో 12.9 శాతం మంది తర్వాతి వారంలో జలుబు లాంటివి వచ్చాయని చెప్పారు. అలాగే శిక్షణ పొంది, ఆ రోజు పరుగెత్తనివాళ్లలో అది 2.2 శాతమే. కఠిన వ్యాయామం తర్వాత కొన్ని గంటలు ఒంట్లో కిటికీ తెరిచి పెట్టినట్టే, రోగం సులువుగా దూరుతుందన్న మాట అప్పట్నుంచి బలపడింది. కానీ ఆ జబ్బులు వాళ్లు చెప్పినవే, ల్యాబ్‌లో నిర్ధారించినవి కావు. పైగా వేలమంది గుంపులో నిలబడి వచ్చినవాళ్లాయె! 2018లో బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ తిరగేసి, ఆ కణాలు నశించడం లేదనీ, ఊపిరితిత్తులు, పేగుల్లాంటి చోట్లకు గస్తీకి వెళ్తున్నాయనీ వాదించారు. వాదన ఇంకా పూర్తిగా తెగలేదు. నేనైతే వీళ్లవైపే మొగ్గుతాను.

అలాగని ఎంత చేసినా ఏమీ కాదని కాదు. నెలల తరబడి కఠిన శిక్షణ సాగితే లాలాజలంలో ఉండే ఐజీఏ అనే రక్షక ప్రొటీన్ తగ్గుతుందని ఆస్ట్రేలియా ఈతగాళ్లలోనే గమనించారు. మీ అమ్మాయి వారానికి 24 గంటలు ఈదుతోంది. ఈ వయసు పిల్లలకు వారంలో శిక్షణ గంటలు వాళ్ల వయసును మించకూడదన్నది క్రీడా వైద్యులు పాటించే ఓ కొండగుర్తు. ఈత మాన్పించొద్దు, గంటలు తగ్గించమని కోచ్‌తో మాట్లాడండి. మరో రోజు సెలవు దొరికినా మేలే.

అయితే నా అనుమానం ఈత కంటే నిద్ర మీదే ఎక్కువ. పొద్దున్నే ప్రాక్టీస్‌కి ఎన్నింటికి లేస్తోందో, చదువు ముగించి ఎన్నింటికి పడుకుంటోందో మీరు రాయలేదు. 2015లో 164 మంది పెద్దవాళ్ల ముక్కులో జలుబు వైరస్ వేసి చూస్తే, ఆరు గంటల లోపు నిద్రపోయేవాళ్లకు జలుబు పట్టే అవకాశం ఏడు గంటలకు పైగా పడుకునేవాళ్ల కంటే నాలుగు రెట్లకు పైగా ఉంది. మీ అమ్మాయి వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పరీక్షల టెన్షన్ కూడా తోడైతే చెప్పక్కర్లేదు.

తిండి సంగతీ అడగాలి. బరువు పెరుగుతానన్న భయంతో ఈ వయసు క్రీడాకారిణులు చాలామంది కడుపు మాడ్చుకుంటారు. ఖర్చయ్యే శక్తికి సరిపడా తినకపోతే రోగనిరోధక శక్తి, ఎముకలు, హార్మోన్లు అన్నీ దెబ్బతింటాయి. నెలసరి వరుసగా మూడు నెలలు రాకపోతే అది ప్రాక్టీస్ వల్ల మామూలేలే అని వదిలేయకండి, వెంటనే డాక్టర్‌కు చూపించండి.

ఇంకోటి, గొంతునొప్పి వచ్చిన ప్రతిసారీ ఇన్‌ఫెక్షనే కానక్కర్లేదు. కొలనులోని క్లోరిన్ కూడా ముక్కునూ గొంతునూ ఒరిపిడి పెడుతుంది. జ్వరం లేకుండా, ఈత లేని రోజుల్లో తగ్గిపోతుంటే అదే కావచ్చు.

మందుల విషయానికొస్తే, ఇమ్యూనిటీ పెంచుతామనే డబ్బాలు కొనొద్దు. విటమిన్ సి మారథాన్ పరుగెత్తేవాళ్లకు కొంత పనిచేసింది కానీ, పోటీలకు సిద్ధమయ్యే మీ అమ్మాయి ఈడు ఈతగాళ్లకు ఇచ్చి చూస్తే జలుబుల సంఖ్య తగ్గలేదు.

ముక్కు కారడం వరకే ఉంటే తేలికగా ఈదొచ్చు. జ్వరం, ఒళ్లునొప్పులు, ఛాతీలో దగ్గు ఉంటే మాత్రం నీళ్లలోకి దిగనివ్వొద్దు. వైరస్ జ్వరంలో శ్రమపడితే అరుదుగానైనా గుండె కండరానికి వాపు రావచ్చు. గొంతునొప్పితో పాటు మెడలో గడ్డలు, వారాల తరబడి నీరసం ఉంటే పరీక్ష చేయించాలి.

ఈత లేని రోజు గడిచాక, మర్నాడు పొద్దున ప్రాక్టీస్‌కు ముందే మళ్లీ సీబీపీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) చేయించండి. ఐరన్ నిల్వలు తెలియడానికి ఫెరిటిన్ కూడా చూడమనండి. అప్పుడూ లింఫోసైట్లు తక్కువే ఉంటే రెండు రిపోర్టులూ పట్టుకుని ఫిజీషియన్‌ను కలవండి.