గడ్డి పచ్చగా ఉన్నప్పుడే

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

హవాయి పెద్ద దీవిలో కార్చిచ్చు నివారణ పనిలో చేరుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం వేసింది. వెనకే కాస్త బెంగ కూడా వేసింది, ఆ పని చేసేవాళ్ల మీద ఎంత భారం పడుతుందో దగ్గరుండి చూసినవాణ్ణి కదా. పశుగ్రాసాల పని మీద అక్కడ ఉన్నన్నాళ్లూ నా రోజులన్నీ పశువుల రాంచ్‌ల వాళ్లతో, ఫైర్ వాళ్లతో, ఊళ్లలోని వలంటీర్లతోనే గడిచాయి. రిటైరై గుంటూరు వచ్చేసినా, ఆగస్టు వస్తే అక్కడ గాలి ఎలా వీస్తోందో ఫోన్‌లో చూసుకుంటూనే ఉంటాను. అందుకే నువ్వు అడక్కపోయినా నాకు తెలిసింది రాస్తున్నాను.

నీ ఉద్యోగం గురించి చెప్తే ఎవరికైనా ముందు గుర్తొచ్చేవి మంటలు, ఫైర్ ఇంజన్లు, హెలికాప్టర్లు. అవి ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్లవి, వాళ్ల పని వాళ్లకి బాగా తెలుసు. నీ అసలు సీజన్ నవంబరులో వానలు పడినప్పుడు మొదలై ఏప్రిల్ దాకా నడుస్తుంది. ఆ నెలల్లో కొండలన్నీ కళకళలాడుతుంటాయి, మంట ఊసు ఎవరికీ పట్టదు. మీటింగ్ పెడితే నలుగురు వస్తారు. ఆ నలుగురి కోసమైనా పెట్టు. ఆ పచ్చటి గడ్డే జూన్ కల్లా నిలువెత్తున ఎండి నిలబడుతుంది. అప్పుడు మేపుదామంటే, ఎండి పీచు తేలిన గడ్డికి ఆవు మూతి కూడా పెట్టదు. మిషన్‌తో కోయిద్దామంటే అక్కడి నేలంతా లావా రాయి, బ్లేడు తగిలి రవ్వ లేస్తే ఆ కోత నుంచే మంట పుడుతుంది.

కాలెండరు కూడా అన్ని చోట్లా ఒకటి కాదు. హీలో వైపు ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడితే, అదే దీవిలో కవైహాయే తీరంలో 250 మిల్లీమీటర్లు పడడమే ఎక్కువ. కోనా వాలులో మాత్రం వానలు ఎండాకాలంలోనే ఎక్కువ. ఎల్‌నినో ఏడు వచ్చిందంటే మామూలు లెక్క తిరగబడుతుంది: ఎండాకాలంలో వానలు పడి గడ్డి బలుస్తుంది, వానలు పడాల్సిన నెలల్లో కరువు వచ్చి అదంతా ఎండుతుంది. అలాంటి ఏడు జనవరిలో కూడా కంటి మీద కునుకు ఉండదు. కాబట్టి ఆఫీసులో ఇచ్చిన నెలల పట్టిక చూసి ఊరుకోకుండా, నీకు అప్పగించిన ఊళ్ల చుట్టూ వారానికోసారి కారేసుకుని తిరుగు. గడ్డి చేత్తో పట్టుకుని విరిచి చూడు. వంగుతోందా, పుటుక్కున విరుగుతోందా అన్నది నీ వేళ్లకు తెలియాలి.

అక్కడి మొక్కలు చూస్తే నీకు కొత్తగా ఏమీ అనిపించవు. గినీ గడ్డి మన పాడి రైతులు పొలం గట్ల మీద పెంచేదే. బఫెల్ గడ్డి అంటే మన అంజన్ గడ్డి. మన ప్రకాశం జిల్లా రైతులు పేపరు మిల్లుల కోసం వేసే సుబాబుల్ అక్కడ ఖాళీ స్థలాలన్నిటా దానంతట అదే మొలుస్తుంది. కియావే అనే ముళ్ల చెట్టు మన సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టం. ఇవన్నీ మేతకనో, నీడకనో, వంటచెరుక్కనో మనుషులు తెచ్చినవే. వాటికి తోడు, అందంగా ఉందని తోటల్లో పెంచుకోవడానికి తెచ్చిన ఫౌంటెన్ గడ్డి పెద్ద దీవి పడమటి వైపు లావా బీళ్లంతా పాకిపోయింది. హవాయి సొంత అడవికి మంట అలవాటు లేదు. లావా పారిన చోట తప్ప అక్కడ నిప్పు పుట్టడమే అరుదు, పిడుగులూ తక్కువే. ఒకసారి కాలితే ముందు లేచేది బయటి గడ్డే, అది మళ్లీ కాలుతుంది, ప్రతిసారీ అడవి అంచు ఇంకాస్త వెనక్కి పోతుంది. ఇప్పుడు రాష్ట్రం మొత్తం నేలలో దాదాపు పావు వంతు ఈ బయటి గడ్డీ తుప్పలే.

గడ్డిని తగ్గించడానికి అన్నిటికన్నా చవకైన పనిముట్టు పశువు నోరే అని నా నమ్మకం. ఈ మాట అంటే అడవుల్ని కాపాడేవాళ్లు కొందరు ఒప్పుకోరు, మేకలు స్థానిక మొక్కల్ని బతకనివ్వవని వాళ్ల బాధ. అదీ నిజమే. వైకొలోవా దగ్గర పొడి అడవిలో విలివిలి చెట్లను ఎంత కష్టపడి బతికిస్తున్నారో వెళ్లి చూడు, వాళ్ల బాధ నీకే అర్థమవుతుంది. ఆ విలివిలి మన బాడిద చెట్టు జాతిదే. రాంచ్‌ల వాళ్లనీ, అడవిని కాపాడేవాళ్లనీ కూర్చోబెట్టి కంచె ఎక్కడ వేయాలో తేల్చడం నీ పని. కంచె, నీళ్ల తొట్టి, పశువుల్ని తోలే మనిషి, ఈ మూడింటికీ డబ్బు ఎవరిస్తారో తేలకుండా మేత గురించి ఎంత మాట్లాడినా లాభం లేదు.

ఈ నేల ఇలా ఎందుకు తయారైందో తెలియాలంటే చెరకు కథ తెలుసుకో. ఒకప్పుడు వేల ఎకరాల్లో చెరకు, అనాస ఉండేవి. పక్క దీవి మౌయిలో లహైనా అనే ఊళ్లో పయనీర్ చక్కెర మిల్లు 1999లో మూతపడింది. మౌయిలో ఆఖరి చక్కెర మిల్లు 2016 డిసెంబరులో ఆగిపోయింది. పంటతో పాటు నీళ్ల కాలవలు, చెరువులు, పొలం బాటలు, ట్యాంకర్లు, పొగ కనబడగానే పరుగెత్తే కూలీలు, అందరూ పోయారు. మిగిలిన బీడులో గడ్డి పెరిగింది. ఆ తోటల్లో పనిచేసిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గరికి మ్యాపు తీసుకెళ్లి పరిచి, పాత బాట ఎక్కడుండేది, ఏ గుంటలో వేసవిలో కూడా నీళ్లు నిలిచేవి అని అడుగు. అదంతా ఏ కంప్యూటర్లోనూ లేదు.

బాటలంటే గుర్తొచ్చింది, గేట్లు. అక్కడ బీళ్లకి వెళ్లే గేటు దగ్గర ఒక గొలుసు, దానికి ఒకదానిలో ఒకటి దూర్చిన తాళాలు నాలుగైదు ఉంటాయి. ఒకటి రాంచ్‌ది, ఒకటి కరెంటు వాళ్లది, ఒకటి నీళ్ల శాఖది, ఒకటి ఎవరిదో ఎవరికీ తెలియదు. ఏ ఒక్కటి తెరిచినా గేటు తెరుచుకుంటుంది. మంట రోజు ఫైర్ ఇంజన్ ఆ గేటు ముందు ఆగితే, ఏ తాళంచెవి ఎవరి జేబులో ఉందో వెతుక్కుంటూ కూర్చునే టైమ్ ఉండదు. తీరం పక్క తాళాలు ఉప్పుగాలికి తుప్పు పట్టి బిగుసుకుపోతాయి కూడా. నీ పరిధిలో ఉన్న గేట్లన్నీ ఏడాదికి రెండుసార్లు నీ చేత్తో తెరిచి, మూసి, నూనె వేసి, ఎవరి తాళం ఏదో రాసిపెట్టు. ఇలాంటి పనికి ఎవరూ మెచ్చుకోరు, ఫొటో తీయరు. నేను మాత్రం కొత్తవాళ్ల పనితనం దీన్ని బట్టే అంచనా వేసేవాణ్ణి.

లహైనా సంగతి. ఊరు అలా కాలిపోతుందని ఎవరూ ఊహించలేదని నీతో చాలామంది అంటారు. ఆ మాట నిజం కాదు. పశ్చిమ మౌయికి 2014లో రాసిన అగ్గి రక్షణ ప్లాన్‌లోనే లహైనా చుట్టూ ప్రమాదం తీవ్రంగా ఉందని ఉంది. దాన్ని తయారుచేసింది హవాయి వైల్డ్‌ఫైర్ మేనేజ్‌మెంట్ ఆర్గనైజేషన్, 2000లో పెద్ద దీవిలో మొదలైన చిన్న సంస్థ. 2018లో లేన్ తుఫాను దగ్గరికి వచ్చినప్పుడు ఆ గాలికి లహైనా పైన సుమారు 2,000 ఎకరాలు కాలింది, ఇళ్లు కూడా పోయాయి. 2023 ఆగస్టు 8న తెగిన కరెంటు తీగల వల్ల పొద్దున పుట్టిన మంట, ఆరిపోయిందనుకున్నది, మధ్యాహ్నం మళ్లీ రేగి ఊరి మీద పడింది. 102 మంది చనిపోయారు, 2,200కు పైగా కట్టడాలు బూడిదయ్యాయి. పోయినవాళ్లలో ఎక్కువమంది 60 దాటినవాళ్లు. ఆ గాలికి హెలికాప్టర్లు ఎగరలేకపోయాయి. సైరన్లు మోగలేదు. కరెంటు పోయింది, ఫోన్లు పనిచేయలేదు. నువ్వు ఏ ఊరికి ప్లాన్ రాసినా ఈ నాలుగూ లేని రోజు కోసమే రాయి. ఏ వీధిలో కారు లేని ముసలమ్మ ఉంది, ఆవిడ తలుపు ఎవరు తట్టాలి, ఆ మనిషి ఊళ్లో లేకపోతే ఇంకెవరు తట్టాలి, ఇదంతా కాగితం మీద ఉండాలి. 2021లో మానా రోడ్ మంట 40,000 ఎకరాలకు పైగా కాల్చి వైకొలోవా విలేజ్‌ని ఖాళీ చేయించినప్పుడు, బయటికి వెళ్లే రోడ్డు మీద కార్లు ఎలా నిలిచిపోయాయో అక్కడివాళ్లనడుగు. రెండో దారి తెరిపించడం కోసం జనం ఎంత పట్టుబట్టారో కూడా చెప్తారు.

ఇళ్ల దగ్గర ఏం చెప్పాలో నీకు ట్రైనింగ్‌లో నేర్పుతారు. ఒక్కటి మాత్రం నేను చెప్తాను. ఇళ్లు ఎక్కువగా అంటుకునేది దూసుకొచ్చే మంటల వల్ల కంటే గాలికి ముందుగా వచ్చి పడే నిప్పురవ్వల వల్ల. అందుకని కొండ వైపు చూపించి భయపెట్టకు, ఇంటి గోడ చుట్టూ 5 అడుగులు నడిపించు. అక్కడి పాత ఇళ్లు చాలా వరకు ఒంటి చెక్క గోడలవి, స్తంభాల మీద లేపి కట్టినవి. కింద ఖాళీలో పాత పరుపులు, పడవ సామాను, పెయింట్ డబ్బాలు పెడతారు. గాలి రావడానికి గాజు పలకల లూవర్ కిటికీలు, అవి సరిగ్గా మూసుకోవు. కప్పు అంచున వాననీళ్లు పోయే గటర్లో కియావే ఆకు పొడిపొడిగా నిండి ఉంటుంది. చెప్తూ నిలబడకు, నిచ్చెన తెచ్చుకుని ఆ గటరు నువ్వే శుభ్రం చెయ్యి. వెంటిలేటర్‌కి అంగుళంలో ఎనిమిదో వంతు కన్నుల ఇనప జాలీ కొట్టి చూపించు. ఒక ఇంట్లో చేస్తే ఆ వీధిలో మరో రెండిళ్ల వాళ్లు పిలుస్తారు.

హవాయిలో మంటల్లో నూటికి 98కి పైగా మనుషుల వల్ల పుట్టేవే. వేడెక్కిన కారును ఎత్తుగడ్డిలో పార్క్ చేయడం, ట్రెయిలర్ గొలుసు రోడ్డు మీద ఈడ్చుకుపోవడం, కొత్త సంవత్సరం టపాకాయలు, బీచ్‌లో సరిగ్గా ఆర్పని పొయ్యి. తప్పు పట్టినట్టు చెప్తే ఎవరూ వినరు. ఫలానా మలుపు దగ్గర గడ్డి ఎత్తుగా ఉంది, అక్కడ బండి ఆపొద్దు అని చెప్తే వింటారు.

ఇక మనుషులు. అక్కడ పెద్దవాళ్లని ఆంటీ, అంకుల్ అనే పిలుస్తారు, ఆ విషయంలో నీకు ఇబ్బంది లేదు. ఎవరింటికి వెళ్లినా చెప్పులు బయట విడిచి వెళ్లు, వట్టి చేతులతో వెళ్లకు. మొదటి మీటింగ్‌లో స్లైడ్లు వేయకు, ఆ నేల మీద తరాలుగా ఉన్నవాళ్లు మాట్లాడితే విను. వాళ్లకి బయటి నుంచి వచ్చి చెప్పి వెళ్లిపోయినవాళ్లను చూసి చూసి విసుగు. లహైనాలో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన కుటుంబాలు ఎన్నో, చాలామంది ఇంట్లో ఇలోకానో మాట్లాడేవాళ్లు. నీ ఊళ్లలో కూడా ఇంగ్లీషు కరపత్రం ఒక్కటే పంచి పని అయిపోయిందనుకోకు. చర్చిలో, స్కూల్లో ఆ భాష మాట్లాడే మనిషిని పట్టుకుని ఆమె చేతే చెప్పించు.

పక్క దీవులవాళ్లతో పరిచయం పెంచుకో. కార్చిచ్చుల మీద తెలిసింది పంచుకోవడానికి పసిఫిక్ ఫైర్ ఎక్స్ఛేంజ్ అని ఒకటుంది, హవాయితో పాటు గువామ్, యాప్, పలావు లాంటి దీవులవాళ్లని కూడా కలుపుతుంది. గువామ్‌లో లేత గడ్డికి జింకలు వస్తాయని వేటగాళ్లు కొండలు తగలబెడతారు, వానకి ఎర్రమట్టి కొట్టుకుపోయి పగడపు దిబ్బల మీద పేరుకుంటుంది. అక్కడి ఫారెస్టు వాళ్లు అటు మంటతో, ఇటు మట్టితో పోరాడుతున్నారు. నీకు వాళ్ల దగ్గర నేర్చుకునేది చాలా ఉంది. ఫిజీలో గిర్మిట్ అనే కూలీ ఒప్పందం కింద వెళ్లిన మన తెలుగువాళ్ల మనవలు ఇప్పటికీ చెరకు వేస్తున్నారు, అక్కడ కోతకు ముందు చెరకు తగలబెట్టే అలవాటు ఉంది. ఎప్పుడైనా అటు వెళ్తే వాళ్లతో మాట్లాడిరా.

గ్రాంట్ల గురించి తొందరగా చెప్పేస్తాను. డబ్బు రెండేళ్లకో మూడేళ్లకో వస్తుంది, గడ్డి ప్రతి ఏడూ పెరుగుతుంది. మంట దాటకుండా గడ్డి తీసేసి ఒకసారి కొట్టించిన ఫైర్ లైన్‌ని మళ్లీ కొట్టించే డబ్బు ముందే చూసుకోకపోతే ఆ లైన్ వేయకు, దాన్ని నమ్ముకున్నవాళ్లకి అన్యాయం చేసినట్టవుతుంది.

నీ పని బాగా జరిగిన ఏడు ఏమీ జరగదు. పై ఏడు బడ్జెట్ అడిగితే, ఏం జరిగిందని అడుగుతారు. అందుకే తెరిచిన గేట్లు, మేసిన ఎకరాలు, తట్టిన తలుపులు, అన్నీ రాసి పెట్టుకో. ఏదైనా ఊరు కాలితే మాత్రం ముందే చెప్పినవాళ్ల గుండె ఎలా ఉంటుందో లహైనా తర్వాత నా స్నేహితుల గొంతుల్లో విన్నాను. అలాంటి రోజు వస్తే ఒంటరిగా ఉండకు. నాకు ఫోన్ చెయ్యి, ఇక్కడ అర్ధరాత్రి అయినా పర్వాలేదు.

ఇల్లు అద్దెకు తీసుకునే ముందు ఆ వీధికి రెండు దారులు ఉన్నాయో లేదో చూడు. కౌంటీ (అక్కడి జిల్లా లాంటిది) పంపే ప్రమాద అలర్ట్‌లకు మొదటి రోజే నంబర్ ఇవ్వు. పాస్‌పోర్టు, వీసా కాగితాలు, మందులు, ఒక జత బట్టలు, గట్టి బూట్లు ఒక బ్యాగులో సర్ది తలుపు పక్కన పెట్టు. కారులో పెట్రోలు సగానికి తగ్గనివ్వకు. వెళ్లిన వారంలో ఇదంతా చేసి, ఆ బ్యాగు ఫొటో మీ అమ్మకి పంపు, ఆవిడ టెన్షన్ సగం తగ్గుతుంది.

ఇట్లు,
మావయ్య